పగిలిన తోకచుక్క, చూచిన కన్ను

నశిస్తున్న వస్తువు అందంగా కనబడినప్పుడు దానిని చూచి ఆనందించడం ధర్మమేనా? ఆలంకారికులు ఈ ప్రశ్నను నాటకశాలలో వేసుకున్నారు. కన్నీరు కార్పించే కరుణరసం కోసం ప్రేక్షకుడు మరల మరల ఎందుకు వస్తాడని తర్కించినారు. వారికొక సౌకర్యమున్నది: రంగస్థలం మీద చచ్చినవాడు తెర పడగానే లేచి వేషం విప్పుకుంటాడు. నిజంగా నశించే వాటి విషయంలో ఆ సౌకర్యం లేదు. 2006వ సంవత్సరం ఏప్రిల్, మే నెలలలో అనేక దేశాలలో ఎందరో సామాన్యులు అర్ధరాత్రి దాటిన తరువాత డాబాల మీదా పొలం గట్ల మీదా నిలబడి అటువంటి నిజమైన నాశనాన్ని ఒకదానిని చూచినారు. చూచి సంతోషించినారు కూడా. వారు చూచినది ఒక తోకచుక్క. అది ఒక్కటిగా రాలేదు. అరవైకి మించిన ముక్కలై వచ్చినది.

దాని పేరు ష్వాస్‌మన్-వాఖ్‌మన్. జర్మనీలో హాంబర్గు నగరపు బెర్గెడార్ఫ్ వేధశాలలో అర్నాల్డ్ ష్వాస్‌మన్, ఆర్నో వాఖ్‌మన్ అనే ఇద్దరు ఖగోళజ్ఞులు 1930 మే నెలలో దానిని కనుగొన్నారు. వారు వెదకుతున్నది చిన్న గ్రహాల కోసం. ఫోటో ఫలకం మీద ఇది దొరికినది. ఆ ఇద్దరి పేర్లతో అప్పటికే మరి రెండు తోకచుక్కలు ఉండుటచేత దీనిని మూడవదిగా లెక్కిస్తారు. సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి దీనికి సుమారు 5.4 సంవత్సరాలు పడుతుంది. కనుగొన్న ఏడే అది భూమికి 92 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చినది. పిమ్మట ఎవరి కంటికీ చిక్కక, 1979లో గాని మరల దొరకలేదు. 1995 శరత్కాలంలో ఎవరూ ఊహించని విధంగా అనేక రెట్లు ప్రకాశించినది. ఆ ఏడు డిసెంబరులో చిలీ దేశపు లా సిల్లా వేధశాల నుంచి చూచినవారికి కారణం బోధపడినది: లోపలి కేంద్రకం పగిలిపోయినది. 2006లో ఆ ముక్కలు మళ్ళీ పగులుతూ, రాలుతూ, సూర్యుని వైపు పోయే దారిలో భూమి ప్రక్కగా నడచినవి. ప్రధానమైనదిగా ఎంచబడిన ‘సి’ అనే శకలం మే 12న కోటి పదిహేడు లక్షల కిలోమీటర్ల దూరంలో సాగిపోయినది. చంద్రుడున్న దూరానికి ఇది ముప్పది రెట్లు. భూమి మీద లెక్కకు ఇది ఊహకందని దూరమే గాని, ఆకాశపు లెక్కలో గుమ్మం ముందు నుంచి నడచిపోవడమే. ‘బి’ అనే శకలం రెండు రోజుల తరువాత ఇంకా కొంచెం దగ్గరగా పోయినది.

ఇందులో గమనింపదగిన విషయమొకటి ఉన్నది. తోకచుక్క అంటే మంచూ ధూళీ కలిసి గడ్డకట్టిన ముద్ద. సూర్యుని ఎండ తగిలి పైపొరలోని మంచు ఆవిరి అవుతుంది. ఆవిరితో బాటు ధూళి లేస్తుంది. ఆ ధూళి మీద పడిన వెలుగే దూరాన ఉన్నవారికి కాంతిగా కనబడుతుంది. చాలాకాలం తిరిగిన తోకచుక్క పైన మసిబారిన పొర ఏర్పడి లోపలి మంచును కప్పుతుంది. అది పగిలినప్పుడు యుగాలుగా ఎండ ఎరుగని మంచు ఒక్కసారి బయటపడుతుంది. అందుచేత పగలడమే దానికి వెలుగు. చల్లగా, నిండుగా, చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం పెద్ద దుర్భిణికి గాని చిక్కని వస్తువు, చితికిపోతున్నప్పుడు పేదవాని చేతి బైనాక్యులర్లకు సైతం అందుతుంది. 2006 వసంతంలో ‘బి’ శకలం అట్లా ఒకటికి రెండుసార్లు భగ్గుమన్నది. ప్రతిసారీ దానిలో నుంచి మరికొన్ని తునకలు ఊడినవి. దాని కోసం కాచుకుని కూర్చున్నవారు, ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా, అది ఇంకొంచెం విరగాలనే కోరుకున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది. మంచుగడ్డకు బాధ ఎక్కడిది? దాని నాశనం చూచి సంతోషిస్తే ఎవరికి అపచారం? కొండమీద నుంచి జలపాతం దూకితే నీటికి నొప్పి కలిగినదని ఎవరైనా అంటారా? ఆక్షేపణ న్యాయమైనదే. రోమను కవి లుక్రీషియస్ తన తత్త్వకావ్యంలో ఒడ్డున క్షేమంగా నిలబడి సముద్రంలో మునుగుతున్నవారిని చూడటంలోని సుఖాన్ని ప్రస్తావించి, ఆ సుఖం ఇతరుల కష్టంలో లేదనీ, తాను ఆ కష్టంలో లేడన్న ఎరుకలో ఉన్నదనీ సమాధానం చెప్పుకున్నాడు. ఆ సమాధానం చాలామందికి తృప్తి కలిగించలేదు. ఓడలో మనుష్యులున్నారు కనుక కలిగించకపోవడమే సరి. తోకచుక్కలో ఎవరూ లేరు. అందుచేత చూడబడే దాని పక్షాన ఫిర్యాదు ఏమీ లేదు.

కాని చూచే కంటి పక్షాన ఉన్నది. తోకచుక్కకు ఒక కన్నూ, లోకానికి వేరొక కన్నూ మనుష్యునికి లేవు. గోదావరికి వరద వచ్చినప్పుడు వంతెన మీద జనం కిక్కిరిసి నిలబడతారు. కొట్టుకొని వచ్చే దూలాలనూ, గడ్డివాములనూ, పశువులనూ వేలు పెట్టి చూపుకుంటారు. నీరు ఇంకొక అడుగు పెరిగితే బాగుండునని అక్కడ నిలబడిన మంచివాని మనస్సులో సైతం ఒక క్షణం మెదలుతుంది. మెదలలేదని చెప్పేవాడు తన మనస్సును పరికించనివాడు. అదే వంతెన క్రింద కొలబద్ద దగ్గర గేజి రీడరు ఒకడు ఉంటాడు. అతడూ నీటినే చూస్తున్నాడు. గంటగంటకూ మట్టం ఎంత ఉన్నదో పుస్తకంలో వ్రాస్తున్నాడు. పెరిగితే పెరిగినదనీ, తగ్గితే తగ్గినదనీ వ్రాస్తాడు. వరద తీసిన తరువాత వంతెన ఖాళీ అవుతుంది. గేజి రీడరు మాత్రం మరుసటి ఉదయం కూడా అక్కడే ఉంటాడు. ఇద్దరి చూపులకూ ఎదుట ఉన్నది ఒక్కటే నది. భేదం హృదయంలోని జాలిలో ఉన్నదని అనలేము. వంతెన మీదివాడే ఎక్కువ జాలిపడి ఉండవచ్చును. భేదమంతా చూచినదానికి ఎవరు బాధ్యులై నిలిచినారన్న దానిలో ఉన్నది.

పగిలిన తోకచుక్కను చూచినవారిలో వంతెన మీది జనమూ ఉన్నారు, గేజి రీడర్లూ ఉన్నారు. రెండవ రకం వారిని తెలుగులో ఔత్సాహికులంటారు. ఉత్సాహం మాత్రమే చెప్పే ఈ మాట వారికి చాలదు. హిందీలో ‘శౌకియా’ అంటారు. అందులో సరదా పాలు మరీ ఎక్కువ. ఇంగ్లీషువారి ‘అమెచ్యూరు’ అన్న పదం ప్రేమించేవాడనే అర్థం గల లాటిను మూలం నుంచి వచ్చినది. జీతం లేకుండా ప్రేమ చేత పని చేసేవాడని దాని భావం. అయితే ప్రేమ అన్న మాట కూడా తొందరపడి ఒప్పుకోదగినది కాదు. ప్రేమించేవాడు చూడాలనుకున్నదే చూస్తాడని లోకానుభవం. ఈ పని కోరేది అందుకు విరుద్ధమైన గుణాన్ని.

1965 సెప్టెంబరులో జపానులో కవోరు ఇకెయా, త్సుతోము సెకి అనే ఇద్దరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, నిమిషాల తేడాతో ఒక క్రొత్త తోకచుక్కను కనుగొన్నారు. ఇకెయా పియానోల కర్మాగారంలో కార్మికుడు. సెకి గిటారు నేర్పే ఉపాధ్యాయుడు. ఆ తోకచుక్క అక్టోబరు 21న సూర్యుని ఉపరితలానికి అయిదు లక్షల కిలోమీటర్ల లోపుగా దూసుకొనిపోయి మూడు ముక్కలయినది. పట్టపగలు, సూర్యుని చేతితో అడ్డగించుకొని దానిని చూచినవారున్నారు. ఆ వైభవం అందరికీ తెలుసు. ఆ ఇద్దరూ దానికి ముందు ఏమీ దొరకని తెల్లవారుజాములు ఎన్ని గడిపినారో జ్ఞాపకం చేసుకునేవారు అరుదు. పగలు కర్మాగారంలో పని ఉన్నవాడు తెల్లవారుజామున లేచి, ఏమీ కనబడలేదని వ్రాసుకొని, మరునాడు తిరిగి లేవడంలో ఉన్న నిష్ఠకు ఏ శాస్త్రంలోనూ పేరు పెట్టలేదు.

2006లో ఆ ముక్కలను గమనించిన ఔత్సాహికుడు చేసిన పని చూడటానికి చాలా చిన్నది. ముందు అరగంట సేపు చీకటిలో ఊరక కూర్చోవాలి. లేకుంటే కన్ను చీకటికి అలవాటుపడదు. పటం చూచుకోవడానికి ఎర్రని మందదీపం తప్ప మరొకటి పనికిరాదు. తరువాత వీణామండలంలో అభిజిత్తు పరిసరాలలో వెదకాలి. మే మొదటివారంలో ఒక శకలం అక్కడి ఉంగరపు నీహారిక చేరువగా పోయినది. మసకగా ఉన్న దానిని తిన్నగా చూస్తే కనబడదు. చూపును కొంచెం ప్రక్కకు తిప్పితే కనబడుతుంది. కంటిలో మందకాంతిని గ్రహించే భాగాలు నడుమ లేవు, అంచుల వైపు ఉన్నవి, కారణం అంతే. అయినా ఈ చిన్న శరీరధర్మం చాలా నేర్పుతుంది. ఆశగా గుచ్చి చూచినవానికి అది మాయమవుతుంది.

కాంతి ఎంత ఉన్నదో తేల్చడం ఇంకా విచిత్రం. తోకచుక్క చెదరిన మసక, నక్షత్రం చుక్క. రెంటినీ పోల్చడానికి వీలులేదు. కనుక దుర్భిణిని కావాలని తప్పుగా అమర్చి, కాంతి లెక్క తెలిసిన నక్షత్రాలను తోకచుక్కంత మసకగా చేసి, అప్పుడు పోలుస్తారు. తెలియనిదానిని స్పష్టం చేయలేనప్పుడు తెలిసినదానిని దాని స్థితికి దింపి చూడటమన్న మాట. ఆపైన చిట్టాలో వ్రాయవలసినవి: కాలం, స్థలం, ఆకాశస్థితి, వాడిన పరికరం, కాంతి తరగతి, మసక వెడల్పు, నడిమి చిక్కదనం సున్న మొదలు తొమ్మిది వరకు గల మెట్లలో ఏ మెట్టు. ఎంత అందంగా ఉన్నదో వ్రాయడానికి చిట్టాలో గడి లేదు.

2006లో మరొక పరీక్ష కూడా పెట్టబడినది. శకలాలు భూమికి మిక్కిలి దగ్గరయిన రోజులలోనే వైశాఖ పూర్ణిమ వచ్చినది. మే 12న ‘సి’, 13న పూర్ణచంద్రుడు, 14న ‘బి’. డెబ్బది ఆరేండ్ల తరువాత గుమ్మం ముందుకు వచ్చిన అతిథి ముఖం మీద పండువెన్నెల తెర వేసినట్లయినది. దగ్గరితనానికీ కనబడటానికీ సంబంధం లేదని ఆ మూడు రాత్రులు తేల్చినవి. ఆ రాత్రులలో ‘వెన్నెల చేత కనబడలేదు’ అని వ్రాసినవాడు, తేటనైన మే మొదటివారపు చీకటిలో ‘కనబడినది’ అని వ్రాసిన వానికంటె తక్కువ పని చేసినాడా? చేయలేదు. కనబడలేదన్న మాట కూడా సాక్ష్యమే. అందరూ చూచినట్లు చెప్పుకుంటున్నప్పుడు ఆ మాట చెప్పడం మరింత కష్టం. పొరుగువాడు చూచినాడని వినగానే తన కంటికి కూడా ఏదో మసక తోచడం మానవ సహజం. ఆ తోచినదానిని వ్రాయకుండా చేతిని పట్టుకోవడంలోనే ఈ విద్యకు సంబంధించిన నీతి అంతా ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారాధ్యాయం వ్రాస్తూ, ధూమకేతువు ఉదయాస్తమయాలు గణితానికి లొంగవని మొదటనే ఒప్పుకున్నాడు. కేతువులు నూటొకటి అని కొందరు, వేయి అని కొందరు అంటారనీ, నారదుడు మాత్రం ఒకే కేతువు అనేక రూపాలు ధరిస్తున్నదని చెప్పినాడనీ అక్కడ ఉన్నది. పగిలిన ఈ తోకచుక్క విషయంలో నేటి పండితులకు కూడా అదే చిక్కు. అక్షరమాలలోని అక్షరాలు అయిపోయి జంట అక్షరాల పేర్లు పెట్టవలసివచ్చిన ఆ శకలాలలో ఏది ష్వాస్‌మన్-వాఖ్‌మన్? ‘సి’ పెద్దది కనుక దానికే పాత పేరు కట్టబెట్టినారు. ఇది వ్యవహార సౌలభ్యమే గాని తత్త్వనిర్ణయం కాదు. వరాహమిహిరుడు ఈ వాదంలోకి దిగలేదు. ఒకటైతేనేమి, అనేకమైతేనేమి, ఉదయించిన చోటూ అస్తమించిన చోటూ రంగూ చూచి ఫలం చెప్పవలసినదే అన్నాడు. ఔత్సాహికుడు ఆ వాక్యంలో మూడు వంతులు అక్షరాలా పాటిస్తున్నాడు. చోటు చూస్తాడు, కాలం చూస్తాడు, రంగు చూస్తాడు. ఫలం దగ్గర ఆగిపోతాడు.

ఆగలేనివారు ఎప్పుడూ ఉన్నారు. 1910లో హేలీ తోకచుక్క తోకలో విషవాయువున్నదని తెలిసి కొన్ని దేశాలలో జనం కిటికీ సందులు మూసుకున్నారు. మాత్రలు అమ్మి సొమ్ము చేసుకున్నవారూ ఉన్నారు. గురజాడ అప్పారావుగారు అదే ఏడు అదే తోకచుక్కను ‘ముత్యాల సరములు’లో సంస్కరణకు సూచనగా నిలిపినారు. భయపడటం కంటె ఇది ఎంత మేలైన ఫలమో చెప్పనక్కరలేదు. కాని అదీ ఫలమే. కవికి ఆ హక్కున్నది. చిట్టా వ్రాసేవానికి లేదు. 2006లో ఒక శకలం మే 25న అట్లాంటికు సముద్రంలో పడుతుందనీ, మహాతరంగం లేస్తుందనీ ఒక వదంతి దేశదేశాలకు ప్రాకినది. 2004 డిసెంబరు సునామీ స్మృతి అప్పటికింకా పచ్చిగానే ఉన్నది. ఆంధ్రతీరంలోనూ ఎన్నో కుటుంబాలు దానిని ఎరుగుదురు. కనుక భయపడినవారిని చూచి నవ్వడం తగదు. కాని ఆ రోజులలో ఎవరి మాట నమ్మదగినది? ప్రతి రాత్రీ శకలాల స్థానాన్ని నక్షత్రాల మధ్య గుర్తిస్తూ వచ్చినవానికి అవి ఎటు పోతున్నవో కంటి ముందే ఉన్నది. మే 25 వచ్చినది, పోయినది. వదంతి పుట్టించినవారూ నమ్మినవారూ ఆ తరువాత ఆకాశం వైపు చూడలేదు. శకలాలు సూర్యుని చుట్టి మసకబారి పోయేవరకూ చూచినవారు వేరే ఉన్నారు.

కంటిని నమ్మకపోవడం, ఎక్కువగా నమ్మడం అనే రెండు దోషాలకూ పాత తోకచుక్క ఒకటి సాక్ష్యమిస్తుంది. ఆస్ట్రియా సైన్యంలో అధికారియైన విల్హెల్ము ఫాన్ బీలా 1826లో చూచిన తోకచుక్కకు ఆయన పేరు నిలిచినది. సుమారు ఆరున్నరేండ్లకొకసారి అది తిరిగివచ్చేది. 1846 జనవరి 15వ తేదీ సాయంత్రం కేంబ్రిడ్జి వేధశాలలో జేమ్సు చాలిసు దానిని చూడబోయి, రెండు తోకచుక్కలు కనబడుతున్నవని సహాయకునితో అన్నాడు. వెంటనే అనుమానం వచ్చినది. తోకచుక్క రెండు కావడమేమిటి? దుర్భిణిని సర్దినాడు, కొంచెం వెలుగు రానిచ్చినాడు. చిన్నది మంచు పట్టిన నక్షత్రంలాగా తోచినది. అంతటితో సమాధానపడినాడు. జనవరి 23న మరల చూచేసరికి రెండూ స్పష్టంగా ఉన్నవి. ఈలోపల అమెరికాలో ఇతరులు ఆ విషయాన్ని ధైర్యంగా వ్రాసిపెట్టినారు. ఆ ఏడే నెప్ట్యూను గ్రహాన్ని చూచి కూడా గ్రహమని గుర్తించలేకపోయినది ఈ చాలిసే. ఆయనకు విద్య తక్కువ కాలేదు. తోకచుక్క ఎట్లా ఉండాలో ముందే తెలిసి ఉండటం ఎక్కువైనది.

1852లో బీలా తోకచుక్క రెండుగానే తిరిగివచ్చినది. వాటి నడుమ దూరం సుమారు ఇరువది నాలుగు లక్షల కిలోమీటర్లు. ఆ తరువాత ఎవరికీ కనబడలేదు. 1872 నవంబరు 27 రాత్రి భూమి దాని పాత దారిని దాటుతుండగా ఉల్కలు వేలకొలది వర్షించినవి. జర్మనీలో గటింగెన్ ఖగోళజ్ఞుడు క్లింకర్‌ఫ్యూసు ఆ ఉల్కలతో బాటు తోకచుక్క కూడా భూమిని తాకి పోయి ఉంటుందని ఊహించి, దక్షిణాకాశంలో వెదకుమని మద్రాసు వేధశాలాధిపతి పాగ్‌సన్‌కు తంతి ఇచ్చినాడు. పాగ్‌సన్ డిసెంబరు 2, 3 తేదీలలో తెల్లవారుజామున మబ్బు సందుల నుంచి చూచినాడు. చెప్పినచోటికి దగ్గరలో ఒక మసక వస్తువు కనబడినది! ఆ పిమ్మట మబ్బులు మూసినవి. పోయిన తోకచుక్క మద్రాసులో దొరికినదని లోకం సంతోషించినది.

ఆ సంతోషం నిలువలేదు. పాగ్‌సన్ తాను చూచినదాని స్థానాన్నీ కాలాన్నీ శ్రద్ధగా కొలిచి ప్రకటించినాడు. గణితజ్ఞులు ఆ అంకెలను తీసుకొని లెక్కవేస్తే అది బీలా తోకచుక్క కానేరదని తేలినది. ఆ కక్ష్యలో బీలా అప్పటికి అక్కడికి వచ్చే వీలులేదు. ఈ కథను సామాన్యంగా ఒక భ్రమ కథగా చెబుతారు. అది సరికాదు. ఆశపడి చూచినవాడే ఆశను భంగపరచే అంకెలను కూడా తన చేతితో వ్రాసియిచ్చినాడు. ‘బీలాను చూచితిని’ అని మాత్రం వ్రాసి ఊరుకుని ఉంటే ఆ మాటను కాదనగల మొనగాడు ఈనాటికీ ఉండేవాడు కాడు. పాగ్‌సన్ జీతగాడు, ఔత్సాహికుడు కాడన్నది నిజమే. అయినా ఈ ధర్మానికి జీతంతో నిమిత్తం లేదు. కోరిక ఉండటం దోషం కాదు. కోరిక లేనివాడు తెల్లవారుజామున లేవడు. తన కోరికను ఇతరులు పరీక్షించి త్రోసివేయడానికి వీలుగా వ్రాయడం వేరే సంగతి. అది చేసినవానికి నాశనాన్ని చూచి పొందిన సంతోషం కూడా మలినం కాదు.

ఇంతకూ ఈ కాపలా దేనికని అడిగేవారున్నారు. 2006 ఏప్రిల్‌లో హబుల్ దూరదర్శిని ‘బి’ శకలాన్ని చిత్రించి దానిలో నుంచి రాలుతున్న తునకలను డజన్లకొద్దీ చూపినది. స్పిట్జర్ దూరదర్శిని ముక్కలన్నిటినీ కలుపుతూ దారి పొడుగునా పరచుకున్న ధూళిని చూపినది. వాటి ముందు డాబా మీది బైనాక్యులర్లు ఎంత? పెద్ద దూరదర్శినులకు ఒక్కొక్క వస్తువుకు దొరికేది కొద్ది గంటల కాలమనీ, మధ్య రాత్రులన్నీ ఔత్సాహికుల చిట్టాలే నింపుతాయనీ, శకలం భగ్గుమన్న రాత్రి ఏదో వారి వల్లనే తెలుస్తుందనీ సమాధానం చెప్పవచ్చును. ఇది నిజం. అయినా ప్రయోజనం చూపి చూపును సమర్థించడం మరల ఫలం దగ్గరకే పోవడం. ఆ చిట్టాలలో చాలా భాగాన్ని ఎవరూ తిరిగి తెరవరు. తెరవరని వ్రాసేవానికి తెలుసు. ఇంట్లోవారికి నిద్రాభంగం, మరునాడు కచేరీలో కునికిపాట్లు. ఈ ఖర్చు కూడా చిన్నది కాదు, దానిని భరించేది ఎప్పుడూ అతడొక్కడే కూడా కాదు. సంసారం గల మనిషి ఈ లెక్కను దాటవేస్తే అతని నిష్ఠ సగమే.

1995లో పగిలినప్పుడు చిమ్మిన ధూళి 2022లో భూమి దారికి వచ్చినది. ఆ ధూళి పగిలిన క్షణంలో తగినంత వేగంగా చిమ్మి ఉంటే మే 31న 1872 నాటి వంటి ఉల్కావర్షం కురియవచ్చునని గణకులు ముందే చెప్పినారు. నెమ్మదిగా చిమ్మి ఉంటే ఏమీ రాకపోవచ్చుననీ చెప్పినారు. ఆ సమయానికి భారతదేశంలో పట్టపగలు. అమెరికా ఖండంలో రాత్రి. అక్కడ ఎందరో పడక కుర్చీలు వేసుకొని స్వాతీ నక్షత్రం వైపు ముఖం పెట్టి పడుకున్నారు. తుఫాను రాలేదు. గంటకు వేలు కాదు, కొన్ని పదులు. అవి కూడా చాలావరకు మందంగా, నెమ్మదిగా జారినవి. వేడుక చూడటానికి వచ్చినవారు కొంతసేపటికి లేచిపోయి ఉంటారు. లెక్క వ్రాసేవారు ఉన్నారు. ఉల్కలను లెక్కించేవాడు మొదలుపెట్టిన నిమిషమూ, ముగించిన నిమిషమూ, తన కంటికి ఆనిన అతి చిన్న నక్షత్రమూ, ఆకాశంలో మబ్బు ఎన్నవ వంతో వ్రాస్తాడు. కాఫీ పోసుకోవడానికి తల దించిన నిమిషాలను కూడా మొత్తంలో నుంచి తీసివేస్తాడు.